వాచ్ డ్యూటీ యాప్: కొండల్లో ఉరుములొచ్చే రోజుల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

ఆగస్టు, సెప్టెంబరుల్లో బే ఏరియా నుంచి లేక్ టాహో, మామత్ లేక్స్, యోసెమిటీ వైపు పిల్లలతో బయల్దేరేవాళ్లు ఫోన్లో తప్పకుండా పెట్టుకోవాల్సిన కార్చిచ్చుల యాప్ ఇది. 2021లో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో మొదలైంది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. కార్చిచ్చుల సమాచారం, ఊళ్లు ఖాళీ చేయమనే ఆదేశాలు ఉచితంగానే వస్తాయి. ఏడాదికి సుమారు 25 డాలర్ల సభ్యత్వం కడితే మంటలార్పే విమానాలు ఎక్కడ తిరుగుతున్నాయో కూడా చూడొచ్చు. వారాంతానికి వెళ్లొచ్చేవారికి అది అవసరం పడదు, కానీ కొండల్లో సొంత ఇల్లుంటే ఆ డబ్బు దండగ కాదు.

దీని బలం మనుషులే. అగ్నిమాపక శాఖలో, సిబ్బందిని మంటల దగ్గరికి పంపే డిస్పాచ్‌లో పనిచేసినవారు, ఆ సిబ్బంది మాటలు వినిపించే రేడియో స్కానర్లు వినడం అలవాటైనవారు వంతులవారీగా కూర్చుని, విన్నదాన్ని సరిచూసుకుని పెడతారు. అందుకే చాలాసార్లు ప్రభుత్వ పేజీలకంటే ముందే కబురు అందుతుంది. 2025 జనవరి లాస్ ఏంజెలెస్ మంటలప్పుడు లక్షల మంది దీన్నే చూస్తూ గడిపారు.

మ్యాప్ చదవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. శాటిలైట్ చుక్కలు కనబడగానే మంట సరిగ్గా అక్కడే ఉందనుకుంటారు. ఉపగ్రహాల్లోని వీర్స్ అనే సెన్సర్ చూపే ఒక్కో చుక్క 375 మీటర్ల గడి. మోడిస్ అనే ఇంకో సెన్సర్‌ది ఏకంగా కిలోమీటరు. ఈ ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతాయి. కాబట్టి చుక్క లేనంత మాత్రాన మంట లేదని అనుకోకూడదు. మంట హద్దు గీత కూడా పాతదై ఉండొచ్చు, చాలావరకు రాత్రిపూట వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ విమానం తిరిగొచ్చాకే అది మారుతుంది. గీత పక్కనున్న సమయం చూడకుండా గీతను నమ్మవద్దు.

ఇంకోటి కంటెయిన్‌మెంట్ శాతం. 40 శాతం అంటే నూటికి నలభై వంతుల మంట ఆరిందని కాదు. చుట్టుకొలతలో అంతమేర మంట దాటదని సిబ్బంది నమ్మే కట్టడి గీత పడిందని అర్థం. మీరున్న క్యాబిన్ మిగతా 60 శాతం వైపు ఉంటే ఆ అంకె చూసి ధైర్యపడటానికేమీ లేదు.

యాప్ చేతులెత్తేసేది పొడి పిడుగుల దగ్గర. వేసవి చివర్లో ఆగ్నేయం నుంచి తేమ ఈ సియెర్రా కొండల మీదికి ఎక్కుతుంది. మేఘం అడుగు బాగా ఎత్తులో ఉంటుంది, కింద గాలి ఎండిపోయి ఉంటుంది. చినుకులు నేలకు చేరేలోపే ఆవిరవుతాయి, పిడుగు మాత్రం చేరుతుంది. ఆవిరయ్యే వాన గాలిని చల్లార్చి బరువెక్కిస్తుంది. ఆ గాలి దభీమని కిందికి దిగి నాలుగు వైపులా కొడుతుంది. దూరంగా నిదానంగా కాలుతున్న మంట నిమిషాల్లో దారి మార్చుకునేది అప్పుడే.

అంతకంటే మోసం చేసేది నిద్రపోయే మంట. పిడుగు పడిన చెట్టు మానులో, వేళ్ల కింది చెత్తలో నిప్పు పొగ కూడా లేకుండా రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఎవరూ చూడలేదు, రేడియోలో మాట లేదు, కాబట్టి యాప్‌లోనూ ఏమీ ఉండదు. ఎండ ముదిరి గాలి లేచిన రోజున బయటపడుతుంది. కనిపించిన చిన్న మంటనూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆల్పైన్ కౌంటీలో 2021 జులై 4న పిడుగుతో అంటుకున్న టమరాక్ మంట మొదట ఒక రాతి గట్టు మీది చిన్న ముక్క. 12 రోజులకు, జులై 16న, గాలికి లేచింది. చివరికి 68 వేల ఎకరాలు దాటింది. అందుకని ఉరుములు పోయిన మర్నాడే యాప్ మూసేయకండి, కనీసం రెండు వారాలు ఆ కౌంటీ అలర్ట్‌లు ఉంచండి.

రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే మంటలు చెలరేగే వాతావరణం ఉందన్న హెచ్చరిక, ఎర్రగా కనబడితే దాని మీద నొక్కి పూర్తి వివరం చదవండి. కారణం గాలి, తక్కువ తేమ అని ఉందా, పొడి పిడుగులని ఉందా? రెండోదైతే శిఖరాల మీది నడకలు మధ్యాహ్నంలోపు ముగించాలి. అప్పటికి మంట ఒక్కటీ లేకపోయినా సరే.

సెట్టింగ్‌లలో చేసే పెద్ద తప్పు, ఉండబోయే ఊరి కౌంటీ ఒక్కటే ఎంచుకోవడం. దారిలోని కౌంటీలన్నీ కావాలి. సౌత్ లేక్ టాహోకు ఎల్ డొరాడో, టాహో సిటీకి ప్లేసర్, లీ వైనింగ్‌కు మోనో, ట్వాలమీ మెడోస్‌కు ట్వాలమీ. ట్రకీ ఉన్నది నెవాడా కౌంటీలో, అది కాలిఫోర్నియాలోనిదే, నెవాడా రాష్ట్రం కాదు. డూ నాట్ డిస్టర్బ్‌లో ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వకపోతే అర్ధరాత్రి ఆదేశం తెల్లారాకే కనబడుతుంది.

సిగ్నల్ లేకపోతే యాప్ దేనికీ పనికిరాదు. సొనోరా పాస్, టియోగా రోడ్డు మీద చాలా మేర సిగ్నల్ ఉండదు. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు పట్టే, వాతావరణ హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో ఒకటి కారులో ఉంచుకోండి. అక్కడక్కడ కొండ అడ్డొస్తే అదీ పలకదు, అయినా ఫోన్ ఒక్కదాని మీదే ఆధారపడటంకన్నా నయం.

5కి 4.5 ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గిందంటే, మంట ఎక్కడుందో చెప్పినంత బాగా ఏ దారి తెరిచి ఉందో చెప్పదు. 2021 ఆగస్టు 30న కాల్డార్ మంటకు సౌత్ లేక్ టాహో ఖాళీ చేయించినప్పుడు, పడమటి వైపు హైవే 50 మూతపడి జనమంతా నెవాడా వైపే పోవాల్సి వచ్చింది, బండ్లు గంటల తరబడి కదల్లేదు. ఆ ఊరికి వెళ్తే నెవాడా వైపు దిగే కింగ్స్‌బరీ గ్రేడ్, అంటే 207 నంబరు రోడ్డు, మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకుని, ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి.