ఆస్ట్రోమెట్రికాలో ట్రాక్ అండ్ స్టాక్: విశాఖ డాబా మీంచి 29పి తోకచుక్క, చాలాకాలం వాడాక

ఆకాశ చిత్రాల్లో వస్తువుల స్థానం, వెలుగు కొలిచే ప్రోగ్రామ్ ఆస్ట్రోమెట్రికాలో మిగతావన్నీ తీసేసి ‘ట్రాక్ అండ్ స్టాక్’ (కదిలే వస్తువు వెంట ఫ్రేముల్ని జరిపి ఒకే చిత్రంగా కలపడం) ఒక్కటే ఉంచినా ఆ లైసెన్సుకి సంతోషంగా డబ్బు కడతాను. ఎల్‌ఈడీ వీధి దీపాలు, పోర్టు వెలుగు, సముద్రపు తేమ కలిసి ఆకాశాన్ని పాలిపోయేలా చేసిన ఊళ్లో, 16-17 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ మసక) తోకచుక్కని డాబా మీంచి కొలవగలుగుతున్నది దీని చలవే. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్న ఊరిది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తలెత్తితే మిగిలిన చుక్కలు చూసి బాధేస్తుంది. ప్లేట్ సాల్వింగ్ (చిత్రంలోని నక్షత్రాల్ని బట్టి అది ఆకాశంలో ఏ చోటో తేల్చడం), గయా నక్షత్రాల కేటలాగ్ సెట్టింగులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కొలిచేది 29పి ష్వాస్‌మన్-వాఖ్‌మన్. 1927లో హాంబర్గ్ అబ్జర్వేటరీలో దొరికిన ఈ తోకచుక్క గురుగ్రహానికి కాస్త అవతల, దాదాపు గుండ్రటి కక్ష్యలో, సుమారు 15 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది. సూర్యుడి నుంచి దూరం పెద్దగా మారదు కాబట్టి వెలుగు కూడా నిలకడగా ఉండాలి. ఉండదు. ఏడాదికి సగటున ఏడు సార్లు ఉన్నట్టుండి భగ్గుమంటుంది, ఒక్కోసారి 16 నుంచి 12 దాకా ఎగబాకుతుంది. బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ ‘మిషన్ 29పి’ పేరుతో అందరి కొలతలూ అడుగుతున్నది అందుకే: ఏ దేశంలో మబ్బు పట్టినా మరో దేశం వాళ్లు చూస్తూ ఉండాలి.

నా సామగ్రి 200 ఎం.ఎం. ఎఫ్/4 న్యూటోనియన్ టెలిస్కోప్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల మోనో కెమెరా. 2×2 బిన్ చేస్తే (నాలుగు పిక్సెళ్లని ఒకటిగా కలిపితే) పిక్సెల్‌కి 1.94 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజుల్లో 29పి గంటకి సుమారు 17 ఆర్క్ సెకన్లు, అంటే తొమ్మిది పిక్సెళ్లు కదులుతుంది. ఫ్రేముల్ని నక్షత్రాల మీద సర్ది కలిపితే తోకచుక్క గీతలా సాగి నేపథ్యంలో కలిసిపోతుంది. వేగం, దిశ ఇచ్చి తోకచుక్క మీదే సర్ది కలిపితే 60 ఫ్రేములకి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి దాదాపు 7.7 రెట్లు పెరుగుతుంది, లోతు 2.2 మాగ్నిట్యూడ్లు. ఒక్క ఫ్రేములో ఆనవాలైనా లేనిది స్టాక్‌లో గుండ్రంగా, చుట్టూ మసకతో వచ్చి నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఆనందం తగ్గలేదు.

ఒక్కో ఎక్స్‌పోజర్ 60 సెకన్లు దాటనివ్వను. కదలికని బట్టి చూస్తే ఇంకా పెంచవచ్చు, కానీ ఈ ఆకాశం ఒప్పుకోదు. 60 ఫ్రేముల్నీ ఒకే స్టాక్ చేయకుండా ఇరవయ్యేసి చొప్పున మూడు చేసి, మూడు స్థానాలు విడిగా కొలవాలి. మూడూ ఒకే గీత మీద, ఒకే వేగంతో పడితే అది తోకచుక్కే. హాట్ పిక్సెల్ (కెమెరాలో ఊరికే వెలిగే చుక్క) అయితే అలా పడదు. తూర్పున సముద్రం ఉండటం మనకి కలిసొచ్చే విషయం. 40 డిగ్రీల ఎత్తు నుంచి నడినెత్తి దాటేదాకానే తీస్తాను, పడమటికి దిగితే ఊరి వెలుగులో పడుతుంది. సన్నటి పొర మబ్బు కంటికి ఆనదు. అందుకే నక్షత్రాల జీరో పాయింట్ (ఆ ఫ్రేములో వాటి వెలుగు ఎంతమేరకు అందిందో చెప్పే అంకె) 0.2 మాగ్నిట్యూడ్‌కి మించి పడిపోయిన ఫ్రేములు స్టాక్‌లోకి రానివ్వను.

ఇక ఏళ్లుగా నడిచాక బయటపడిన పెద్ద చిక్కు గడియారానిది. టెలిస్కోప్ పక్కనుండే మినీ పీసీలో బటన్ సెల్ నీరసించింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనకపడేది. ఇంటర్నెట్ లేని రాత్రి దాన్ని సరిచేసే నాథుడు లేడు. ఫైండ్_ఆర్బ్‌లో (కక్ష్య లెక్కించే ప్రోగ్రామ్) నా కొలతల్ని 29పి కక్ష్యకి వేసి చూస్తే రెసిడ్యువల్స్ (లెక్కకీ కొలతకీ మధ్య తేడాలు) అన్నీ 0.3 ఆర్క్ సెకన్ల లోపే, ముచ్చటగా ఉన్నాయి. అసలు మోసం అక్కడే. 29పి నిమిషానికి కదిలేది 0.29 ఆర్క్ సెకన్లు. గడియారం 27 సెకన్లు తప్పినా స్థానంలో తేడా 0.13కి మించదు, మామూలు కొలత దోషంలో కలిసిపోతుంది. నిమిషానికి 20 ఆర్క్ సెకన్లు పరిగెత్తే ఒక భూసమీప గ్రహశకలాన్ని అదే సామగ్రితో కొలిస్తే 9 ఆర్క్ సెకన్ల తేడా, అదీ సరిగ్గా అది కదిలే దిశలోనే వచ్చింది. తేడా కదలిక వెంట పేరుకుంటే తప్పు సమయానిది. అడ్డదిడ్డంగా చెదిరితే ఫోకస్‌నో నక్షత్రాల అమరికనో అనుమానించాలి.

నెమ్మదిగా కదిలే తోకచుక్క మీద మాత్రమే పనిచేసేవాళ్లు ఈ ఒక్క పరీక్షా తప్పకుండా చేయండి. గ్రహశకలం దొరక్కపోతే జీపీఎస్ ఉపగ్రహాలున్నాయి. ఆకాశంలో సెకనుకి సుమారు 30-40 ఆర్క్ సెకన్లు కదులుతాయి కాబట్టి అతి చిన్న ఎక్స్‌పోజర్‌తో తీసి, ప్రాజెక్ట్ ప్లూటో ఇచ్చే స్థానాలతో పోల్చితే సెకనులో చిన్న భాగం తేడా కూడా తెలిసిపోతుంది. ఇప్పుడు కొత్త సీఆర్2032 సెల్, ఎన్‌టీపీ క్లయింట్ (ఇంటర్నెట్ నుంచి గడియారాన్ని సరిచేసేది), నెట్ లేనప్పటికి యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్ ఉన్నాయి. ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఫైల్ హెడర్‌లోని సమయం ఎక్స్‌పోజర్ మొదలుదా, మధ్యదా అన్నదీ, యూటీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మన టైముకి ఉన్న ఐదున్నర గంటల ఆఫ్‌సెట్టూ కెమెరా సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి.

స్టాక్‌ని ఇంతగా మెచ్చుకున్నాను కదా, అది స్థానం వరకే. వెలుగు కొలతకి అదే చిత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. తోకచుక్క మీద సర్దినప్పుడు నక్షత్రాలు గీతలవుతాయి. ఆ గీతల్లో ఒకటి కొలిచే వలయంలో పడితే తోకచుక్క వెలుగు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. మీడియన్‌తో కలిపితే గీతలు చాలావరకు పోతాయి, కానీ రాత్రి మధ్యలో ఫోకస్ మారితే తోకచుక్క వెలుగు కూడా కొంత మారిపోతుంది. అందుకే సగటుతోనూ, మీడియన్‌తోనూ చేసి పోల్చుతాను. తేడా 0.1 దాటితే నక్షత్రాలు లేని చోటికి తోకచుక్క కదిలేదాకా, కొన్ని గంటలో మర్నాడో, ఆగుతాను.

వలయం పరిమాణం రాయని మాగ్నిట్యూడ్‌కి అర్థం లేదు. 5.5 ఖగోళ యూనిట్ల (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 4,000 కిలోమీటర్లు. విస్ఫోటం మొదట 10 ఆర్క్ సెకన్ల పెట్టెలోనే (చతురస్రంగా ఉండే కొలత వలయం) తెలుస్తుంది, మధ్య బిందువు నక్షత్రంలా పదునెక్కుతుంది. దుమ్ము సెకనుకి 200 మీటర్ల చొప్పున వెళ్లినా ఒక రోజులో 17,000 కిలోమీటర్లు దాటి, నాలుగు ఆర్క్ సెకన్లు పాకుతుంది. ఆపై చిన్న పెట్టె తగ్గుతూ వస్తే 30, 60 ఆర్క్ సెకన్ల పెట్టెలు వెలుగుని పట్టుకుని ఉంటాయి. ఫోకాస్ ప్రోగ్రామ్ ఆస్ట్రోమెట్రికా ఫలితాలు తీసుకుని 10 నుంచి 60 దాకా అన్ని పెట్టెలూ ఇస్తుంది. ఆ పట్టికే అసలు సరుకు. విస్ఫోటం తర్వాత దుమ్ము ఒకవైపు ఎక్కువగా చిమ్మితే వెలుగు కేంద్రం అటు లాగుతుంది, స్థానం కూడా అటే జరిగినట్టు కనిపిస్తుంది. ఆ రోజుల్లో వీలైనంత చిన్న వలయంతో కొలవాలి. ఆ రెసిడ్యువల్స్ చూసి గడియారాన్ని తిట్టకూడదు.

అందరికీ ఇదే కొనమని చెప్పలేను. నాకు స్థిరమైన పిల్లర్, విండోస్ పీసీ, డిసెంబరు నుంచి మార్చి దాకా తెరిపి ఆకాశం ఉన్నాయి, ఈ మధ్య ఏళ్లలో 29పి ఎదురుగా వచ్చేదీ సుమారుగా ఆ నెలల్లోనే. అరకు, లంబసింగి వైపు చీకట్లో చూసేవాళ్లకి తక్కువ ఫ్రేములే సరిపోవచ్చు. వేగం ముందుగా తెలియని వస్తువుల్ని వెతికేవాళ్లకి టైకో ట్రాకర్ ప్రోగ్రామ్ నయం, దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. భీమిలి రోడ్డు పక్కన, ఉప్పు గాలి నేరుగా తగిలే డాబా అయితే సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు టెలిస్కోప్ సెకండరీ అద్దానికి డ్యూ హీటర్ (తేమ పట్టకుండా వెచ్చగా ఉంచేది) కొనండి.