విజయవాడ సూర్యారావుపేటలో నాన్నకి చూపిస్తున్న కేన్సర్ క్లినిక్, మా అనుభవం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నకి కళ్లు పచ్చబడి ఒళ్లంతా దురదలు మొదలైతే అందరూ కామెర్లే అన్నారు, పసరు పోయించాం, పథ్యం పెట్టాం, నెల పోయింది. ఆ నెల తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. తర్వాత వేరే హాస్పిటల్లో పిత్తనాళంలో అడ్డం ఉందని స్టెంట్ (దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారు, బయాప్సీలో కొలాంజియోకార్సినోమా, అంటే పిత్తనాళం కేన్సర్ అని వచ్చింది, ఆపరేషన్‌కి టైం దాటిపోయిందన్నారు, అంతే, అదేంటో చెప్పే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

ఇక్కడ డాక్టరుగారు ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారండి. కీమోతో గడ్డ తగ్గినా మళ్లీ ఎందుకొస్తుంది సార్ అంటే చీటీ వెనక బొమ్మ గీశారు. గడ్డలో కణాలన్నీ ఒకలాంటివి కాదట, స్టెమ్ సెల్స్ (కొత్త కణాల్ని పుట్టించే మూలకణాలు) లాంటివి కొన్ని ఉంటాయట, కీమో గబగబా పెరిగేవాటిని ఎక్కువ చంపుతుంది, ఇవేమో నిద్రపోతున్నట్టు పడుండి తర్వాత మళ్లీ మొలుస్తాయట. నాన్న అందుకుని "తుంగలాగానాండి? పైన ఎంత పీకినా కింద కాయ ఉంటే లేస్తది" అన్నారు. డాక్టరుగారు పెన్ను ఆపి "అదేనండి, సరిగ్గా అదే" అన్నారు. నలభై ఏళ్లు మిర్చి చేలో తుంగ పీకిన మనిషికి తన జబ్బు ఆ రోజు అర్థమైంది.

మరి మన ఒంట్లో జబ్బులతో పోరాడే టీ సెల్స్ అనే రక్షక కణాలు ఏం చేస్తున్నట్టు అంటే, కేన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో టీ సెల్ మీదున్న పీడీ-1 బ్రేక్ నొక్కేస్తుందట, ఇక అది పక్కనే ఉన్నా ఏం చేయదు. ఆ బ్రేక్ వదిలించడానికే డుర్వాలుమాబ్ అనే మందు. అమెరికాలో 2022లో ఈ కేన్సర్‌కి దీన్ని వాడటానికి అనుమతి వచ్చింది, జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులతో కలిపి ఇస్తారు. ఈ మందుని రోగుల మీద పరీక్షించిన టోపాజ్-1 ట్రయల్లో రెండేళ్లు బతికినవాళ్లు ఒట్టి కీమోతో 100కి 10 మంది, ఇది కలిపితే 25 మంది. నయమైపోతుందని ఆశపెట్టలేదు, ఖరీదు దాచలేదు, "ఇంట్లో మాట్లాడుకుని రండి, తొందరపడి పొలం అమ్మకండి" అన్నారు. ఆ మాటకి అమ్మ అక్కడే ఏడ్చేసింది.

లోపాలు కూడా చెప్పాలి. పొద్దున 9కి టోకెన్ తీసుకుంటే లోపలికి వెళ్లేసరికి ఒంటిగంట, నీరసంగా ఉన్నవాళ్లు నడుం వాల్చడానికి ఒక్క మంచం కూడా లేదు, ఇది మాత్రం మార్చాలి. కీమో ఎక్కించే సిస్టర్లు బంగారం, నరం దొరక్కపోతే గుచ్చి గుచ్చి చంపరు, వేడినీళ్ల గుడ్డ కట్టి ఆగుతారు. వెళ్లేవాళ్లు పాత స్కాన్ సీడీలు, బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మలు) మర్చిపోకండి, ఏసీ ఎక్కువ కాబట్టి ఒక దుప్పటి కూడా పట్టుకెళ్లండి.