ఆడ సముద్రపు దొంగల మొదటి పుస్తకం: ఏళ్ల తరబడి చదివాక నా సమీక్ష

కరీబియన్ సముద్రం, నల్లజెండా, మగవేషంలో ఒక ఆడమనిషి. ఈ మూడూ కలిసిన నవల గానీ సినిమా గానీ గేమ్ గానీ ఏది తీసుకున్నా, దాని కథ ఎక్కడిదని వెనక్కి వెతుక్కుంటూ పోతే 1724లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం దగ్గర తేలతాం. ‘ఎ జనరల్ హిస్టరీ ఆఫ్ ది పైరేట్స్’. రాసింది కెప్టెన్ చార్లెస్ జాన్సన్ అని అట్ట మీద ఉంటుంది. ఆ పేరుతో రాసిన మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. 1932లో ఒక పరిశోధకుడు ఇది ‘రాబిన్సన్ క్రూసో’ రాసిన డానియల్ డీఫో రచన అన్నాడు, చాలా లైబ్రరీలు ఆ మాట నమ్మి ఆయన పేరు కిందే పెట్టుకున్నాయి. 1988లో మరో ఇద్దరు పరిశోధకులు ఆ వాదనకు ఆధారం లేదని తేల్చారు. అందుకే ఇప్పటికీ ఒక ప్రతి మీద డీఫో పేరు, ఇంకో ప్రతి మీద జాన్సన్ పేరు కనిపిస్తాయి. రెండు వేరు పుస్తకాలనుకుని రెండూ కొనకండి.

నా దగ్గర ఈ పుస్తకం ఫోన్‌లో ఉంది, అచ్చు ప్రతి కూడా ఉంది. ప్రయాణాల్లో, నిద్ర పట్టని రాత్రుల్లో, వేరే పైరేట్ నవల చదువుతూ "ఇది నిజమేనా" అని డౌట్ వచ్చినప్పుడల్లా తీస్తూనే ఉంటాను. చరిత్ర అనుకుని కొంటే కొన్నాళ్లకు తిట్టుకుంటారు. నవల అనుకుని కొంటే యాభై పేజీలు దాటకుండానే పక్కన పడేస్తారు. ఇందులోని ఇద్దరు ఆడ దొంగలు మేరీ రీడ్, ఆన్ బానీల కోసం కొనాలంటే మాత్రం కొనండి, కాకపోతే ఎలా చదవాలో తెలుసుకుని కొనండి.

ఆ ఇద్దరి పేర్లూ పుస్తకం మొదటి పేజీలోనే, శీర్షిక కింద అచ్చువేశారు. అంటే అప్పట్లోనే ఇది అమ్ముడుపోయే సరుకని పబ్లిషర్‌కు తెలుసు. మేరీ కథ నిజంగానే వదలకుండా చదివిస్తుంది. తల్లి ఆమెను చనిపోయిన కొడుకు స్థానంలో మగపిల్లాడిగా పెంచుతుంది. ఎందుకంటే నాయనమ్మ ఖర్చులకని వారానికి ఒక క్రౌన్ (అప్పటి ఇంగ్లిష్ వెండి నాణెం) ఇస్తుంది, మనవడైతేనే. పెద్దయ్యాక సైన్యంలో చేరుతుంది, తోటి సైనికుణ్ణి ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది, బ్రెడా ఊరి దగ్గర ‘మూడు గుర్రపు నాడాలు’ అని ఒక పూటకూళ్ల సారాయి కొట్టు పెడుతుంది. మొగుడు పోతాడు. 1697లో రిస్విక్ శాంతి ఒప్పందం కుదరడంతో సైనికులు వెళ్లిపోయి బేరాలు పడిపోతాయి. మళ్లీ మగబట్టలు, మళ్లీ ఓడ, అక్కడి నుంచి దొంగల ముఠా.

నాకు బాగా నచ్చేది కూడా ఇదే. దుకాణం దెబ్బతినడానికి కారణం శాంతి ఒప్పందం అని రాయడం కట్టుకథలు చెప్పేవాడికి తట్టే విషయం కాదు, వ్యాపారం తెలిసినవాడికి తట్టేది. కానీ ఒకసారి వయసు లెక్క వేసుకోండి. 1697 నాటికే యుద్ధం చేసి, పెళ్లయి, విధవ అయిన మనిషి, 1720లో జమైకా కోర్టులో గర్భవతిగా నిలబడే నాటికి నలభై దాటి ఉండాలి. పుస్తకం చూస్తే ఆమెను పడుచుపిల్లలాగే చూపిస్తుంది. ఇలాంటి అతుకులు చాలా ఉన్నాయి.

ఆన్ బానీ అధ్యాయం ఇంకా విచిత్రం. సముద్రం కోసం తెరిస్తే ముందు చెంచాల కథ ఎదురవుతుంది. ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఒక లాయరు, ఆయన ఇంటి పనిమనిషి, ఆ పిల్ల వెంటపడే తోళ్లు పదునుచేసే కుర్రాడు. వాడు మూడు వెండి చెంచాలు కొట్టేస్తాడు, తర్వాత భయపడి పనిమనిషి పరుపు దుప్పట్ల మధ్య దూర్చేస్తాడు. ఆ రాత్రి ఆ పరుపు మీద పనిమనిషికి బదులు లాయరు భార్య పడుకుంటుంది, చీకట్లో లాయరు వస్తాడు. అలా ఒక దాని వెంట ఒకటి. అచ్చం ప్రహసనం. పేజీల కొద్దీ నడుస్తుంది. అసలు ఆన్ ఓడ ఎక్కి చేసిందేమిటో చెప్పడానికి వచ్చేసరికి రచయిత ఊపిరి అయిపోయినట్టు గబగబా ముగించేస్తాడు. మొదటిసారి చదివేవాళ్లు చెంచాలు దాటేయండి, నష్టం లేదు. తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా చదివితే నవ్వొస్తుంది.

ఇక అసలు విషయం మగవేషం. ఓడ మీద మేరీ ఆడదని ఎవరికీ తెలియదని, అందగాడైన కుర్రాడనుకుని ఆన్ ఆమె మీద మనసు పడిందని, ఆన్ ప్రియుడైన ముఠా కెప్టెన్ జాక్ రాకమ్ అసూయతో రగిలిపోయాడని, అప్పుడు గుట్టు విప్పారని జాన్సన్ రాశాడు. ఆ తర్వాత వచ్చిన నవలలన్నీ ఈ గుట్టు మీదే బతుకుతున్నాయి. సగం కథ "ఎప్పుడు బయటపడుతుందో" అన్న టెన్షనే.

దీనికి విరుగుడు 1721లో జమైకాలో అచ్చయిన చిన్న పుస్తకం, రాకమ్ ముఠా మీద జరిగిన విచారణ రికార్డు. జాన్సన్ పుస్తకం చదివినవాళ్లు దీన్నీ తప్పక చదవాలి. అందులో డొరతీ థామస్ అనే ఆవిడ సాక్ష్యం ఉంది. సరుకులు వేసుకుని చిన్న పడవలో పోతుంటే ఈ ముఠా దోచుకుంది. ఇద్దరు ఆడవాళ్లు మగవాళ్ల కోట్లు, పొడుగు లాగులు తొడుక్కుని, తలలకు రుమాళ్లు చుట్టుకుని, చేతుల్లో మచ్చుకత్తి, పిస్తోలు పట్టుకుని ఉన్నారని, నోటికొచ్చినట్టు తిడుతూ "దీన్ని చంపెయ్యండి, లేకపోతే రేపు మన మీద సాక్ష్యం చెబుతుంది" అని మగవాళ్లను ఎగదోశారని చెప్పింది. వాళ్లు అన్నట్టే జరిగింది, ఆమె వచ్చి సాక్ష్యం చెప్పింది. రొమ్ములు చూసి ఆడవాళ్లని గుర్తుపట్టానని కూడా అంది. ముఠా చేతిలో బందీలుగా ఉన్న ఇద్దరు ఫ్రెంచివాళ్ల మాట ఇంకా ముఖ్యం. ఏదైనా ఓడ కనబడి వెంటపడేటప్పుడు మగబట్టలు, మిగతా వేళల్లో ఆడబట్టలు వేసుకునేవాళ్లట. అంటే ఓడలో గుట్టేమీ లేదు. మగబట్టలు ఆ వృత్తికి వేసుకునే పనిబట్టలు, అంతే.

అంతకుముందే, 1720 సెప్టెంబరు 5న, బహామాస్ గవర్నర్ వుడ్స్ రోజర్స్ ఈ ముఠాను పట్టుకోమని జారీ చేసిన ప్రకటనలో ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లూ ఉన్నాయి. ముఠా బహామాస్‌లోని నసావు రేవు నుంచి ఓడ ఎత్తుకుపోయిన రెండు వారాలకే గవర్నర్ ఆఫీసుకు తెలిసిన సంగతి పక్క ఊయలలో పడుకునే ఖలాసీకి తెలియదంటే ఎలా నమ్మడం? మనవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని చెక్కారు, అంతమాత్రాన ఆమె స్త్రీ అని ఓరుగల్లులో ఎవరికీ తెలియదని అనుకోం కదా.

దోపిడీ సంగతి కూడా ఆ రికార్డు చదివాకే బోధపడింది. నవలల్లో బంగారు నాణేల పెట్టెలు. రాకమ్ ముఠా నిజంగా కొట్టింది ఏడు చేపల పడవలు. చేపలూ వలలూ సామాన్లూ కలిపి జమైకా డబ్బుల్లో పది పౌన్ల విలువ. ఇంకో ఓడలో యాభై కట్టల పొగాకు, తొమ్మిది బస్తాల పిమెంటో మసాలా. ఎత్తుకుపోయిన ఓడ కూడా పన్నెండు టన్నుల బుల్లి స్లూప్, అంటే ఒంటి తెరచాప కొయ్య ఓడ. ఆగస్టు 22న మొదలైన ఈ వేట అక్టోబరులోనే జమైకా పడమటి కొస నెగ్రిల్ దగ్గర ముగిసింది. మూడొందల ఏళ్లుగా నవలలు నడుపుతున్న కథ జరిగింది గట్టిగా రెండు నెలలు.

ఆఖరి పోరాటంలో మగవాళ్లంతా తాగి కింద దాక్కుంటే మేరీ పైన నిలబడి, రండిరా అని అరిచి, రాకపోయేసరికి కిందకే కాల్చిందని జాన్సన్ రాశాడు. గొప్ప సీను. విచారణ రికార్డులో అది కనిపించదు. "మగాడిలా పోరాడి ఉంటే కుక్కలా ఉరి తీయించుకునే గతి పట్టేది కాదు" అని ఉరికి ముందు రాకమ్‌తో ఆన్ అన్నదన్న మాటకూ పుస్తకమే ఆధారం. అయినా ఆ మాట వచ్చే చోట నేను ఆగి మళ్లీ చదువుతాను. అబద్ధమైనా బాగా రాసిన అబద్ధం.

ఆడవాళ్ల కోసం మిగతా అధ్యాయాలు తిరగేస్తే ఆ మెరుపు పోతుంది. బార్తొలోమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల్లో ఒకటి, ఆడదాన్ని మగవేషంలో ఓడకు తెచ్చినవాడికి మరణశిక్ష. బ్లాక్‌బియర్డ్ తన పద్నాలుగో భార్యను, పదహారేళ్ల పిల్లను, తోటి దొంగలకు ఎలా అప్పగించాడో రచయిత మొహమాటం లేకుండా చెబుతాడు. ఏవరీ అనే ఇంగ్లిష్ దొంగ అధ్యాయం మనవాళ్లు తప్పకుండా చదవాలి. మొగలు చక్రవర్తి ఓడను దోచాడని, అందులో ఆయన కూతురు మక్కా యాత్రకు పోతోందని అన్నారని జాన్సన్ రాస్తాడు. ఆ ఓడ పేరు గంజ్-ఇ-సవాయ్. 1695 సెప్టెంబరులో సూరత్‌కు తిరిగొస్తుండగా దోచుకున్నారు, పోతుండగా కాదు. అప్పటి మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసింది చదివితే నాకు నోట మాట రాలేదు. ఓడ కెప్టెన్ ఇబ్రహీం ఖాన్ పోరాడలేక, మోచా రేవులో కొన్న టర్కీ దాసీల తలలకు పాగాలు చుట్టి కత్తులిచ్చి ముందుకు తోశాడట. ఓడ చిక్కాక కొందరు స్త్రీలు సముద్రంలో దూకారు, కొందరు పొడుచుకు చచ్చారు. అదీ మగవేషమే. దాని మీద ఇన్నేళ్లలో ఒక్క సాహస నవల కూడా నా కంట పడలేదు. పుస్తకంలో వాళ్లెవరూ లేరు, ఉన్నది రాకుమారి పుకారు ఒక్కటే.

భాష సంగతి. ఉచితంగా దొరికే పాత స్కాన్ ప్రతుల్లో ఎస్ అక్షరం ఎఫ్‌లా కనబడుతుంది, ప్రతి నామవాచకమూ పెద్దక్షరంతో మొదలవుతుంది. కళ్లు అలవాటు పడేదాకా విసుగే. ఇప్పటి స్పెల్లింగుతో అచ్చయిన ప్రతి తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఒక చోట కొన్న చౌక ప్రతిలో బొమ్మలు అసలే లేవు, సగం పేజీల్లో పేరాలు కలిసిపోయాయి, తిప్పి పంపుదామంటే నానా తిప్పలు పెట్టారు. కొనేముందు లోపలి పేజీలు చూడండి. బొమ్మలు ముఖ్యం: లండన్ ప్రతిలో ఇద్దరూ ఒళ్లంతా కప్పిన బట్టల్లో ఆయుధాలతో నిలబడితే, 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన డచ్చి ప్రతిలో అదే ఇద్దరికీ రొమ్ములు కనబడేలా చొక్కాలు విప్పేశారు. ఏడాదిలోనే.

1728లో వచ్చిన రెండో భాగం నాకు అంతగా ఎక్కలేదు. మడగాస్కర్‌లో దొంగలు పెట్టిన సమసమాజం అంటూ లిబర్టాలియా అనే ఊరి కథ ఉంది, అది పూర్తిగా కల్పన, ఉపన్యాసాలు ఎక్కువ. ఇక, ఆడది నిజంగా నౌకాదళం నడపడం చూడాలనుకుంటే ఈ పుస్తకంలో దొరకదు, అది చైనా తీరాన దాదాపు వందేళ్ల తర్వాతి మాట. మొగుడు 1807లో పోతే జెంగ్ యీ సావ్ ముఠాల పగ్గాలు పట్టింది, 1810లో ఆయుధం లేకుండా కాంటన్ గవర్నర్ దగ్గరకు పోయి బేరమాడి క్షమాభిక్ష సంపాదించుకుంది, 1844 దాకా బతికి మంచం మీదే పోయింది. ఆమె మీద వచ్చే నవలలు మాత్రం ఎందుకో ఆ బేరం సీనును రెండు పేజీల్లో తేల్చేస్తాయి.

మార్కులు వేయమంటే మేరీ అధ్యాయానికి ఐదుకి నాలుగున్నర, ఆన్ అధ్యాయానికి మూడు, మొత్తం పుస్తకానికి మూడున్నర. ముందు ఆ రెండు అధ్యాయాలు, వెంటనే విచారణ రికార్డు, ఆ తర్వాతే మిగతావి. ఆ రికార్డులో ఇద్దరికీ నవంబరు 28న ఉరిశిక్ష వేశారు, గర్భవతులమని చెప్పడంతో ఆగింది. మేరీని 1721 ఏప్రిల్‌లో పాతిపెట్టినట్టు జమైకా చర్చి రిజిస్టరులో ఉంది. ఆన్ ఏమైందో కచ్చితంగా తెలియదు. జాన్సన్ కూడా ఆ ఒక్కచోట కల్పించకుండా, ఆమెను ఉరి మాత్రం తీయలేదని రాసి వదిలేశాడు.