మస్టా, హ్యావ్ టూనా? డచ్ వాళ్లకు ఏది ముందు నేర్పితే మేలు?

నెదర్లాండ్స్‌లోని ఆమ్స్టెల్వేన్‌లో సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లంతా ఉద్యోగాలు చేసుకునే డచ్ మాట్లాడేవాళ్లే. ఇంగ్లిష్ రాక వచ్చేవాళ్లు కారు, గడగడా మాట్లాడేస్తారు. వాళ్లు తడబడేది చిన్న మాటల దగ్గర. ఒకరిని ఏదైనా చెయ్యమనాలన్నా, వద్దనాలన్నా, పర్మిషన్ అడగాలన్నా తేడా వస్తుంది. వాళ్ల భాషలో మన 'చెయ్యాలి'కి మూటెన్ ఉంది. 'చెయ్యొచ్చు' అని అనుమతి ఇవ్వడానికి మోఖెన్ ఉంది. 'అక్కర్లేదు' అనడానికి నీట్ హూవెన్ ఉంది. మరి ఇంగ్లిష్‌లో మూటెన్‌కు మస్ట్ నేర్పాలా, హ్యావ్ టు నేర్పాలా?

మొదట్లో నేనూ మస్ట్‌తోనే మొదలుపెట్టేదాన్ని. మూట్, మస్ట్ చెవికి అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి, నిజంగానే ఒక మూలం నుంచి వచ్చినవి కూడా. చిక్కంతా ఆ చుట్టరికంతోనే. పాత ఇంగ్లిష్‌లో మోటన్ అనే క్రియకు భూతకాల రూపంగా ఉన్నదే ఇప్పటి మస్ట్. అసలు క్రియ పోయింది, ఈ ఒక్క రూపం వర్తమానంలోకి వచ్చి కూర్చుంది. అందుకే దానికి వేరే భూతకాలం లేదు, 'విల్' పక్కన పెట్టడానికి మూలరూపమూ లేదు. డచ్ మూటెన్‌కు అన్నీ ఉన్నాయి. 'నిన్న వెళ్లాల్సి వచ్చింది' అనాలంటే మూస్ట్ అంటారు, 'రేపు వెళ్లాల్సి ఉంటుంది' అనాలంటే జాల్ మూటెన్ అంటారు. అలవాటు కొద్దీ 'ఐ విల్ మస్ట్ గో' అనేస్తారు. హ్యావ్ టు అయితే హ్యాడ్ టు, విల్ హ్యావ్ టు అంటూ మూటెన్‌తో పాటు అన్ని కాలాల్లోకీ నడుస్తుంది.

హ్యావ్ టుతోనూ ఇబ్బంది లేకపోలేదు. ప్రశ్న వేయాలంటే 'డూ' కావాలి, డచ్‌లో అలాంటి సహాయక్రియ లేదు. 'హ్యావ్ ఐ టు కమ్?' అని అడిగినవాళ్లు నా క్లాసులో చాలామందే. ఈ ఒక్క విషయంలో 'మస్ట్ ఐ కమ్?' వాళ్లకు సులువు. అయినా డూ వారం రోజుల సాధనతో పట్టుబడుతుంది.

కాదనే మాట చేరినప్పుడు జరిగే పొరపాటు మాత్రం మనుషుల మధ్య చిచ్చు పెట్టేస్తుంది. బెల్జియంలోని ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇంగ్లండ్‌లో ఉన్న సహోద్యోగినికి శుక్రవారం మీటింగ్ గురించి మెయిల్ పెట్టాడు: 'యూ మస్ట్ నాట్ కమ్ ఆన్ ఫ్రైడే.' ఆమెకు శ్రమ తప్పిద్దామని 'రానక్కర్లేదు' అనుకుంటూ రాశాడు. ఆమె చదివింది 'రాకూడదు' అని. 'నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?' అని జవాబు వచ్చింది. ఆ కుర్రాడు ఫోన్ నా ముందు పెట్టి, ఎక్కడ పొరబడ్డాడో తెలియక చూస్తూ ఉండిపోయాడు. బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ వైపు 'మూటెన్'కు 'నీట్' తగిలించి అక్కర్లేదు అనే అర్థంలో వాడడం మామూలు. ఆ అలవాటే మెయిల్‌లోకి వచ్చింది. 'యూ డోంట్ హ్యావ్ టు కమ్' అని రాసి ఉంటే ఆమెకు టెన్షన్ ఉండేది కాదు.

తెలుగువాళ్లం ఈ తేడాను ఇట్టే పట్టుకుంటాం. రావాలి, రాకూడదు, రానక్కర్లేదు అని మూడింటికీ మనకు మూడు రూపాలున్నాయి. మూటెన్, నీట్ మోఖెన్, నీట్ హూవెన్ అని డచ్‌లోనూ మూడున్నాయి. వాటి పక్కన హ్యావ్ టు, మస్ట్ నాట్, డోంట్ హ్యావ్ టు రాసి చూపిస్తే వాళ్లకూ వెంటనే వెలుగుతుంది.

గొంతులో తేడా కూడా చెప్పాలి. 'జె మూట్' (నువ్వు చెయ్యాలి) అని డచ్ వాళ్లు స్నేహంగా, సలహాగా అనేస్తారు. దాన్నే 'యూ మస్ట్ సెండ్ ఇట్ టుడే' అని రాస్తే ఇంగ్లిష్ వాళ్లకు పైఅధికారి గద్దించినట్టు ఉంటుంది. అక్కడ షుడ్ గానీ, 'కుడ్ యూ' గానీ మేలు. మస్ట్‌ను అసలు వదిలెయ్యమని నేననను. నియమాల బోర్డుల మీద దానిదే రాజ్యం. లండన్ మెట్రో ఎస్కలేటర్ల దగ్గర కుక్కల్ని ఎత్తుకోవాలని చెప్పే బోర్డు 'డాగ్స్ మస్ట్ బీ క్యారీడ్' అంటుంది. 'భోజనానికి రావాల్సిందే' అని ఆప్యాయంగా పిలవడానికీ, 'ఇంట్లోనే ఉండి ఉండాలి' అని ఊహించడానికీ మస్టే సరైనది.

పర్మిషన్ విషయానికొస్తే నా ఓటు కెన్‌కే. కాఫీ అడగడానికి డచ్ వాళ్లు 'మఖ్ ఇక్ ఎన్ కొఫీ?' అంటారు, అందులో ఇంకో క్రియ ఉండదు. దాన్నే మార్చి 'మే ఐ ఎ కాఫీ?' అంటారు. 'కెన్ ఐ హ్యావ్' అని మూడు మాటల్నీ ఒకే ముక్కగా నోటికి పట్టిస్తే ఆ తప్పు పోతుంది. మే మర్యాదైన మాటే, ఉత్తరాల్లో బాగుంటుంది. కానీ 'హీ మే నాట్ కమ్' అంటే డచ్ మనసులో ఉన్నది 'అతను రాకూడదు', వినేవాళ్లకు చేరేది చాలాసార్లు 'రాకపోవచ్చు'. 'హీ ఈజ్ నాట్ అలౌడ్ టు కమ్' అంటే రెండో అర్థానికి చోటుండదు.

భూతకాలంలోనూ అలౌడ్ టునే నమ్ముకోవాలి. మోఖెన్‌కు భూతకాలం మొఖ్ట్. అది మైట్‌లా వినిపిస్తుంది కాబట్టి 'నిన్న త్వరగా వెళ్లనిచ్చారు' అనడానికి 'ఐ మైట్ లీవ్ ఎర్లీ' అంటారు. అది 'త్వరగా వెళ్తానేమో' అయిపోతుంది. కుడ్ పెట్టినా సరిపోదు. చిన్నప్పుడు రోజూ ఉండే అనుమతికి కుడ్ చెల్లుతుంది గానీ, నిన్న ఒక్కసారి దొరికిన పర్మిషన్‌కు 'వాజ్ అలౌడ్ టు' అనాల్సిందే.