రెండు అరల ఇసుక బల్ల: నీళ్ల వైపే మార్కులు

రెండు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం అమ్మే ఈ ప్లాస్టిక్ బల్లకి ఒక పక్క ఇసుక అర, ఇంకో పక్క నీళ్ల అర, పైన మూత ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరంలో డాబా మీద తప్ప చోటు లేనివాళ్లకి పనికొస్తుంది. పెరడుంటే మాత్రం కొనక్కర్లేదు. జానెడు గొయ్యి తీసి, చుట్టూ ఇటుకలు పాతి, ఇసుక పోస్తే ఇంతకంటే బాగా ఆడుకుంటారు.

నీళ్ల అర బాగుంది. అంచులు గుండ్రం, అడుగున బిరడా. నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. అంత లోతైనా పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే. బిరడా మరలో ఇసుక రేణువు ఇరుక్కుంటే వాషరు కూర్చోక నీళ్లు కారతాయి, అందుకే కడిగి బిగించాలి. సాయంత్రానికి నీళ్లు పారబోయకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

అసలు లోపం ఇసుక అరది: అడుగున చిల్లు లేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఇసుకలో పొయ్యడమే కదా పిల్లల ఆట! 15 లీటర్ల పొడి ఇసుక, అంటే సుమారు 24 కిలోలకి, రెండు లీటర్ల నీళ్లు కలిస్తే పిచ్చుకగూళ్లు నిలబడతాయి. రేణువుల మధ్య ఖాళీ ఐదారు లీటర్లే కాబట్టి అది దాటితే అడుసే. దిగే దారి లేక రెండు మూడు రోజుల్లో వాసనేస్తుంది. కాల్చిన మేకుతో అడుగున నాలుగు చిల్లులు పెట్టి, అర అడుగంతా దోమతెర రెండు మడతలు పరవాలి. తెరని ఎంసీల్‌తో అతికిద్దామనుకోవద్దు, ఈ ప్లాస్టిక్‌కి పట్టదు.

ఇసుక నాగావళిదో వంశధారదో తెచ్చుకుని, జల్లించి, తేట నీళ్లు వచ్చేదాకా బకెట్లో కడిగి ఎండబెట్టాలి. కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుక వద్దు: ఉప్పుతోపాటు అందులో రేడియోధార్మికత ఉన్న మోనజైట్ లాంటి నల్ల ఇసుక ఖనిజాలుంటాయి. క్రషర్ ఇసుకలో రాతి దుమ్ము, పదునైన అంచులు.

బల్లని ముందు చోటులో పెట్టి తర్వాతే నింపాలి. నిండాక లాగితే కాళ్లు దిగిన సాకెట్లు చిట్లుతాయి. గోడకి తూర్పు వైపు పెడితే మధ్యాహ్నం నీడ దొరుకుతుంది. మూతకి కొక్కెం లేదు, గాలికి లేచిపోతుంది, రాత్రి పిల్లులు దూరతాయి. సైకిల్ ట్యూబుతో బిగించి కట్టాలి.

వెంట వచ్చే పారలు పేరుకే, తడి ఇసుకలో గుచ్చితే పిడి విరుగుతుంది. ఉద్దానం కొబ్బరి చిప్పలు అంచులు రాయి మీద అరగదీసి ఇవ్వడం మేలు.