కారు షెడ్డు పైన ఏది మేలు: రేకా, పాలికార్బనేటా, షేడ్‌నెట్టా, స్లాబా?

కారు షెడ్డు అనగానే వెల్డింగు షాపులో మొదట చూపించేవి రంగురేకుల ముక్కలు. నీలమా, ఎరుపా, ఇటుక రంగా అని తేల్చుకోవడానికే అరగంట పడుతుంది. స్తంభం కింద గొయ్యి ఎంత లోతు తీస్తారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మన దగ్గర షెడ్డుకు రెండు పరీక్షలు: మే నెల ఎండ ఒకటి, గాలివాన రెండోది. ఎండ సంగతి తక్కువ ఖర్చుతో తేలిపోతుంది. లెక్క తప్పేది గాలి దగ్గరే. ఎందుకంటే గాలి షెడ్డును కిందికి నొక్కడం కన్నా పైకి లేపడమే ఎక్కువ.

అందుకే నాలుగు కప్పుల్నీ పక్కపక్కన పెట్టే ముందు ఒక లెక్క చూద్దాం. ఒక కారుకు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు షెడ్డు అనుకోండి. అంటే 20 చదరపు మీటర్లు. కట్టడాల మీద పడే బరువుల లెక్కలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గాలి దాదాపు ఆ స్థాయిదే. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పుడుతుంది. 20 చదరపు మీటర్ల కప్పు మీద అది 3 టన్నులు. హైదరాబాదు వేగానికి లెక్కేసినా 2.3 టన్నుల పైమాటే. ఇది చేతిలెక్క మాత్రమే. చుట్టుపక్కల ఇళ్లు, షెడ్డు ఎత్తు, వాలును బట్టి అంకె మారుతుంది. కానీ ఎంత బరువుతో పోరాడుతున్నామో తెలియడానికి ఇది చాలు.

ఇంకొక సంగతి. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కింద నుంచి గాలి దూసుకుపోతుంది. ఒక పక్క ఇంటి గోడ, ఇంకో పక్క ప్రహరీ ఉంటే లోపలికొచ్చిన గాలికి దారి ఉండదు. కింద నుంచి తోపు, పైన నుంచి లాగు రెండూ కలుస్తాయి. మన ఇళ్లలో ఎక్కువ షెడ్లు ఇలా మూలకు ఇరుక్కున్నవే. వాటికి పై లెక్క కన్నా ఇంకాస్త ఎక్కువే వేసుకోవాలి.

స్లాబు: బరువే బలం

4 అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 240 కిలోలు తూగుతుంది. గాలి లేపేది 150. అంటే బోల్టులతో పని లేకుండా తన బరువుతోనే అది కూర్చుంటుంది. కొబ్బరికాయ పడినా, పక్కింటి సింటెక్స్ ట్యాంకు ఎగిరొచ్చి తగిలినా స్లాబుకు పెద్దగా ఏమీ కాదు. తీరంలో ఉండేవాళ్లకు గాలి విషయంలో దీనికి సాటి లేదు.

చిక్కులు వేరేచోట ఉన్నాయి. పగలంతా మింగిన వేడిని స్లాబు రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. కారుకు దానివల్ల నష్టం లేదు గానీ, ఆ పక్కనే పడకగది కిటికీ ఉంటే లోపల ఉన్నవాళ్లకు తెలుస్తుంది. పైన చలువ సున్నమో తెల్లటి కూల్ పెయింటో రెండు కోట్లు వేస్తే చాలావరకు తగ్గుతుంది. రెండోది, ఇంచుమించు 5 టన్నుల స్లాబును మోయాలి కాబట్టి పునాదులు, స్తంభాలు ఇంటితో సమానంగా వేయాలి. ఇల్లు కట్టేటప్పుడే పోర్టికోగా వేస్తే ఖర్చు కలిసిపోతుంది. పాత ఇంటికి తర్వాత అతికించాలంటే కొత్త పునాది వేరుగా కుంగుతుంది, అతుకు దగ్గర పగులు తప్పదు. అక్కడ అంగుళం ఖాళీ వదిలి, పైన రేకు పట్టీతో కప్పడం మేలు. మూడోది, సెట్‌బ్యాకుగా (ఇంటికీ హద్దుకూ మధ్య ఖాళీగా) వదిలిన స్థలంలో స్లాబు వేస్తే మంజూరైన ప్లానుకు అడ్డం తిరుగుతుంది. మేస్త్రీ "ఎవరూ చూడరు" అంటాడు. ఇల్లు అమ్మేటప్పుడు బ్యాంకు వాళ్లు చూస్తారు.

రేకు: అసలు కథ స్క్రూలో, గోతిలో

ఎక్కువమంది చివరికి వేయించేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

సిమెంటు రేకు మాట వదిలేయండి. ఒక కొమ్మ పడితే పెళ్లుమని పగులుతుంది, ముక్కలు కారు అద్దం మీదే పడతాయి. రంగురేకు తీసుకుంటే అల్యూమినియం, జింకు కలిసిన పూత ఉన్నదే తీసుకోండి. మందం 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో "ఫార్టీ సెవెన్" (0.47 మిల్లీమీటర్లు) అని చెప్పేది చాలాసార్లు రంగుతో కలిపిన మందం. లోపలి ఇనుము అంతకన్నా పలచన. మైక్రోమీటరు పెట్టి కొలిచి చూపించమనండి. 0.35 రేకు ధర తక్కువే, చూపుకు తేడా కూడా తెలియదు. గాలి వచ్చినప్పుడు చాలాసార్లు స్క్రూ పైపులోంచి ఊడిరాదు. స్క్రూ తల అక్కడే ఉంటుంది, రేకే దాని చుట్టూ చిరిగి పైకి లేస్తుంది. పలచటి రేకు కాగితంలా చిరుగుతుంది. పైగా అది ఒక్క దెబ్బకు జరిగేది కాదు. గంటల తరబడి గాలి లేపుతూ దింపుతూ ఉంటే స్క్రూ చుట్టూ సన్నని పగుళ్లు మొదలై కలుసుకుంటాయి. 1974 క్రిస్మస్ నాడు ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణాన్ని ఊడ్చేశాక అక్కడి ఇంజనీర్లు తేల్చిన ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

12 అడుగుల వాలుకు 3 అడుగులకొక పర్లిను (రేకు కింద అడ్డంగా వేసే పైపు) చొప్పున 5 పర్లిన్లు పడతాయి. రెండు చివర్ల ఉన్నవాటి మీద రేకు ప్రతి గట్టుకూ (పైకి లేచిన మడతకూ) ఒక స్క్రూ, మధ్యవాటి మీద గట్టు విడిచి గట్టుకు. మొత్తం షెడ్డుకు 120 నుంచి 150 స్క్రూలు అవుతాయి. మామూలుగా వేసేది అందులో సగమే. 3 టన్నుల్ని 60 స్క్రూలకు పంచితే ఒక్కోదానికి 50 కిలోలు, అంచుల్లో అంతకు రెట్టింపు. చూరు, మూలల దగ్గరే లాగు ఎక్కువ కాబట్టి ఊడటం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. స్క్రూ కింద నల్లటి రబ్బరు వాషరు ఉండాలి, దాన్ని చదునైపోయేదాకా బిగించకూడదు. అలా బిగిస్తే రెండు వేసవుల్లో రబ్బరు చీలి, చుక్క చుక్కగా కారుతుంది. పర్లిను పైపు గోడ మందం 2 మిల్లీమీటర్లు. 1.2 మిల్లీమీటర్ల పైపులో స్క్రూ మర అంత గట్టిగా పట్టదు, ఎక్కువ బిగిస్తే తిరుగుతూ పోతుంది.

ఇక పాదం. రేకు 100 కిలోలు, ఇనుప చట్రం 200 అనుకుంటే 3 టన్నుల్లో అది పోగా మిగిలేది 2.7 టన్నులు. నాలుగు స్తంభాలకు పంచితే ఒక్కోదాన్ని 675 కిలోల బలం పీకుతుంది. 2 అడుగుల చదరం, 3 అడుగుల లోతు గోతిలో పోసిన కాంక్రీటు 815 కిలోలు తూగుతుంది, అది నిలుస్తుంది. అడుగున్నర చదరం, 2 అడుగుల లోతు అయితే 305 కిలోలే. ఇంకా ఘోరం, పార్కింగ్ టైల్స్ మీద బేస్ ప్లేటు (స్తంభం అడుగు పలక) పెట్టి నాలుగు ఫాస్టెనర్లు కొట్టేయడం. టైలు కింద ఉండేది 3, 4 అంగుళాల బెడ్డు కాంక్రీటు. అదే పలకలా లేచి వస్తుంది. 10 అంగుళాల చదరం, 10 మిల్లీమీటర్ల బేస్ ప్లేటు, నాలుగు 16 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు, చివర వంచి, కాంక్రీటు పోసేటప్పుడే 15 అంగుళాల లోతున పాతినవి: ఇంతకు తగ్గకూడదు.

కాంక్రీటు దిమ్మ నేల మీదికి 6 అంగుళాలు రావాలి, దాని తల వాలుగా ఉండాలి. కారు కడిగిన నీళ్లు స్తంభం పాదం దగ్గర నిలిస్తే, పైన ఎంత రంగు కొట్టినా ఇనుము అక్కడే తింటుంది. పైపు పైచివర మూత వేయాలి, అడుగున 8 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వదలాలి. సముద్రానికి కిలోమీటరు లోపలైతే జీఐ (జింకు పూత ఉన్న) పైపే వాడి, వెల్డింగు చేసిన ప్రతిచోటా జింకు పెయింటు పూయాలి. వెల్డింగు వేడికి అక్కడి పూత కాలిపోయి ఉంటుంది.

కారు తలుపు తీయడానికి అడ్డమని స్తంభాలన్నీ ఒకే వైపు పెట్టి, కప్పును రెక్కలా వేలాడదీసే డిజైను ఈమధ్య బాగా కనిపిస్తోంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ రెండే స్తంభాలైతే ఒక్కోదాని పాదం దగ్గర పడే మెలి, మీటరు దూరంలో రెండున్నర టన్నులు వేలాడదీసినంత. పై గోతి దానికి బొత్తిగా చాలదు. ఇంజనీరు గీతలు లేకుండా తీరప్రాంతంలో దాని జోలికి పోవద్దు.

వాలు 12 అడుగులకు కనీసం 14 అంగుళాలు, ఇంటి గోడకు ఎదురు దిక్కుకు. గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీద నుంచి 2,000 లీటర్లు దిగుతాయి. 4 అంగుళాల పైపు ఒకటి చాలు, గట్టర్లో వేపాకు పేరుకోకుండా చూసుకుంటే.

వేడి విషయంలో రంగే సగం పని చేస్తుంది. తెలుపు, లేత బూడిద రేకు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. ముదురు నీలం మింగి కిందికి వెదజల్లుతుంది. ఆ సెగ తగలకుండా పఫ్ ప్యానెలు (రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక) వేయించేవాళ్లున్నారు. మంచిదే, కానీ కారుకు అంత అక్కర్లేదు. కింద మంచం వేసుకుని కూర్చునే అలవాటుంటే 30 మిల్లీమీటర్లది ఆలోచించండి.

పాలికార్బనేట్: వెలుతురు కావాలంటేనే

ఇది వెలుతురు దిగే గట్టి ప్లాస్టిక్ షీటు. షోరూములో చూస్తే ఇదే అందంగా ఉంటుంది. వడగళ్లకు పగలదు, అతినీల కిరణాల్ని దాదాపు పూర్తిగా ఆపుతుంది, కారు రంగు వెలవదు. కానీ వెలుతురుతో పాటు వేడీ లోపలికి దిగుతుంది. విజయవాడలో మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు లేత రంగు పారదర్శక షీటు కింద కారు ఎండలో ఉన్నదానికన్నా కాస్తే నయం. తప్పదనుకుంటే ఓపల్ తెలుపు (పాల రంగు), 10 మిల్లీమీటర్ల గదుల షీటు (లోపల పొడవునా బోలు గదులున్నది) తీసుకోండి.

దీన్ని చెడగొట్టేది ఎక్కువగా బిగించే పద్ధతే. ఈ షీటు ఉక్కుకు ఐదు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. 3 మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్క్రూ సైజుకే రంధ్రం పెడితే షీటు ఉబ్బి, రంధ్రం దగ్గర చీలుతుంది. రంధ్రం స్క్రూ కన్నా కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, పైన వెడల్పాటి వాషరు వేయాలి. ఎక్కువ షీట్లకు అతినీల కిరణాల పూత ఒక్క వైపే ఉంటుంది, ప్లాస్టిక్ పొర మీద "ఈ వైపు పైకి" అని రాసుంటుంది. పొర పీకేసి, తిరగేసి బిగిస్తే త్వరలోనే పసుపెక్కి పెళుసవుతుంది. గదులు వాలు దిక్కునే ఉండాలి. పైచివర అల్యూమినియం టేపు, కింది చివర గాలాడే టేపు వేయకపోతే లోపల పాచి, చీమలు చేరతాయి, అవి ఇక పోవు. గాలికి షీటు విల్లులా వంగి అంచు పట్టీలోంచి జారిపోతుంది కాబట్టి తీరంలో ఆధారాలు 2 అడుగులకొకటి పెట్టాలి. అంత ఇనుము వేశాక రేకు కన్నా ఖర్చు ఎలాగూ దాటిపోతుంది.

షేడ్‌నెట్: పేదది అనుకోవద్దు

90 శాతం (ఎండను అంత ఆపే) నెట్ కింద కారు నిజంగానే చల్లగా ఉంటుంది. వేడిగాలి కింద నిలవకుండా సందుల్లోంచి పైకి పోతుంది. వడగళ్లను కూడా నెట్ మెత్తగా పట్టుకుంటుంది. వాన ఆగదు, పక్షుల రెట్ట, ధూళి కలిసిన చుక్కలు కారు మీద మచ్చలు వేస్తాయి. నెట్ నాలుగైదేళ్లకోసారి మార్చాల్సిందే. గుండ్రటి దారంతో అల్లినది తీసుకోండి, పట్టీ దారంది తొందరగా పీచులు తేలుతుంది.

దీని అసలు గుణం వేరు: విప్పేయొచ్చు. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక కనీసం 24 గంటల ముందు వస్తుంది. అంచుల్లో ఐలెట్లు (లోహపు కన్నాలు), ఒక పక్క టర్న్‌బకిళ్లు (తిప్పి బిగించే, వదులు చేసే కొక్కేలు) పెట్టించుకుంటే ఇద్దరు అరగంటలో చుట్టి లోపల పెట్టేయొచ్చు. మిగిలేది ఖాళీ చట్రం, దానికి గాలి పట్టేది కొంచెమే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. అయితే ఏప్రిల్, మే సాయంత్రాల్లో తెలంగాణలో వచ్చే ఈదురుగాలి అంత ముందుగా చెప్పి రాదు. అక్కడ నెట్‌ను వదులుగా వేలాడనీయకుండా బిగించే ఉంచాలి. టపటపా కొట్టుకునే నెట్ ముందు ఐలెట్ల దగ్గర చిరుగుతుంది. నెట్‌కూ టెన్సైల్ గుడ్డకూ తేడా మరిచిపోవద్దు: పీవీసీ పూత గుడ్డలోంచి గాలి పోదు, గాలి దాన్ని తెరచాపలా పట్టుకుంటుంది.

ఏది ఎవరికి

తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల, ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లు, ప్లాను ఒప్పుకుంటే స్లాబు. అదే తీరంలో పాత ఇల్లయితే 0.5 తెల్ల రేకు, పైన చెప్పిన గోతులతో. గోతులు తీసే వీల్లేకపోతే రేకు మాట మానుకుని నెట్ వేసుకోండి. రేకు ఎగిరితే అది మీ షెడ్డుతో ఆగదు, వీధిలో కత్తిలా తిరుగుతుంది. హైదరాబాదు, వరంగల్ వైపు రేకే మేలు, దానితో పాటు పడమటి పక్కకు ఒక నెట్ పరదా. పొద్దు పడమటికి వాలాక ఎండ పక్క నుంచే వస్తుంది, అప్పుడు పైకప్పు ఎంత మంచిదైనా కారు ఎండలోనే ఉంటుంది. ఈ పరదా లేకుండా పఫ్ ప్యానెలుకు డబ్బు పెట్టడం వృథా. పాలికార్బనేట్ ఇంటికీ షెడ్డుకూ మధ్య వెలుతురు తగ్గే చోట ఒక్క పట్టీగా సరిపోతుంది, మొత్తం కప్పుగా ఎక్కడా నప్పదు.

ఏది వేసినా సెప్టెంబరు చివర, తుఫానుల కాలానికి ముందు, నిచ్చెన వేసి ఒకసారి చూడండి. చూరు వరుసలో వేలితో తిప్పితే కదిలే స్క్రూ ఉంటే దాన్ని మళ్లీ బిగించి లాభం లేదు, పట్టు పోయినట్టే. దాన్ని తీసి ఒక సైజు పెద్దది వేయండి, దాని పక్క రెండింటినీ కూడా మార్చండి.