కీకీ పేస్ట్: ఏ మొగ్గ లేస్తుంది, ఏది లేవదు

ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పూలకాడకు ప్రతి కణుపు దగ్గరా ఒక పొర అతుక్కుని ఉంటుంది. సూదిమొనతో నెమ్మదిగా ఒలిస్తే కింద ఆవగింజంత పచ్చటి మొగ్గ. పూలన్నీ రాలి మూడు నెలలైనా నా మొక్కలో ఆ మొగ్గ కదల్లేదు. ఇలాంటి మొగ్గల్ని లేపడానికని అమ్మే కీకీ పేస్ట్‌ని అగ్గిపుల్ల కొనతో కొంచెం అద్దాను. పదిహేడో రోజుకు ఉబ్బింది. ఆరో వారానికి రెండు ఆకులు! హవాయి భాషలో కీకీ అంటే పసిబిడ్డ. సరిగ్గా సరిపోయిన పేరు.

ఇందులో పనిచేసేది బెంజైల్ అడెనిన్. ఇది సైటోకైనిన్, అంటే కణాల విభజనను పురిగొల్పే మొక్కల హార్మోన్. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌లో కలిపారు కాబట్టి జిగటగా పట్టుకుంటుంది, నీళ్లు పోసినా కారిపోదు.

మామూలుగా కొమ్మ కొసన పుట్టే ఆక్సిన్ అనే మరో హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని ఎదగనివ్వదు. 1930ల్లోనే థైమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు: కొస తుంచితే పక్క మొగ్గలు లేస్తాయి, తుంచిన చోట ఆక్సిన్ పెడితే మళ్లీ ఆగిపోతాయి. తమాషా ఏమిటంటే, ఆ ఆక్సిన్ మొగ్గలోకి వెళ్లదు. కాండంలో సైటోకైనిన్ తయారీని తగ్గిస్తుంది, మొగ్గలో బీఆర్‌సీ1 అనే జన్యువు బ్రేకులా పనిచేస్తూ ఉంటుంది. పేస్ట్ రాస్తే ఆ లోటు బయటి నుంచి తీరుతుంది, బ్రేకు వదులవుతుంది, ఆగి ఉన్న కణాలు మళ్లీ విభజన మొదలుపెడతాయి.

అదే పేస్ట్ ఆకులు రాల్చిన ఆపిల్ కొమ్మ మీద రాస్తే నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఆ నిద్ర వేరు. అక్కడ మొగ్గను ఆపుతున్నది కొస కాదు, మొగ్గే. పోప్లర్ జాతి చెట్లలో చూసినదాని ప్రకారం, కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నటి దారులు కాలోస్ అనే పదార్థంతో పూడుకుపోతాయి. వారాల తరబడి చలి తగిలితే గానీ తెరుచుకోవు. ఎదగమనే కబురు లోపలికి చేరే దారే లేనప్పుడు పైన ఎంత రాసి ఏం లాభం?

నా ఫిర్యాదు లేబుల్ మీదే. మందు ఎంత శాతం ఉందో రాయలేదు, పైగా 'అన్ని మొక్కలకూ, అన్ని కాలాల్లోనూ' అన్నారు. అది నమ్మి ఇంకో ఆర్కిడ్‌కి శనగగింజంత పెట్టాను. ఒకే కణుపు నుంచి వంకర తిరిగిన నాలుగు పిలకలొచ్చాయి, కోసేయాల్సి వచ్చింది. కాడకు ఒక్క కణుపు చాలు, అదీ వేళ్లు బలంగా ఉన్న మొక్కకే.

ఐదుకి నాలుగిస్తాను. మొదటి పిల్లకు ఇప్పుడు మూడో వేరు దిగుతోంది. రెండంగుళాలయ్యాక తల్లి నుంచి వేరు చేస్తాను.